భర్త సంతకం చట్టంలో లేదు

సంపాదక మహాశయులకు,

అబార్షన్ తప్పా ఒప్పా అనే చర్చ వచ్చినప్పుడల్లా మనం అమెరికా గురించే మాట్లాడుకుంటున్నాం. 2022 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు, అబార్షన్‌ను రాజ్యాంగ హక్కుగా గుర్తించిన పాత రో తీర్పును కొట్టేసిందని చాలామందికి తెలుసు. అదే ఏడాది సెప్టెంబరు 29న మన సుప్రీంకోర్టు, 20 నుంచి 24 వారాల మధ్య అబార్షన్ విషయంలో పెళ్లయినవారికీ కానివారికీ తేడా చూపకూడదని చెప్పింది. ఈ సంగతి ఆసుపత్రుల్లో పనిచేసేవారికే సరిగా తెలియదు. ఇక్కడ ఆడవాళ్లకు మొదట అడ్డుపడేది ఓపీలో వినిపించే ఒక్క మాట: ‘మీ ఆయన్ని తీసుకురామ్మా, సంతకం కావాలి.’

1971 ఎంటీపీ (మెడికల్ టెర్మినేషన్ ఆఫ్ ప్రెగ్నెన్సీ, అంటే వైద్యపరంగా గర్భం తీసే) చట్టం కింద నింపే అంగీకార పత్రం ఫారం-సి. అందులో ఆమె పేరు, వయసు, చిరునామా, సంతకం ఉంటాయి. భర్త పేరు ‘ఫలానా వారి భార్య లేక కూతురు’ అన్న చోట తప్ప ఇంకెక్కడా రాదు. 18 ఏళ్లు నిండనివారికి, మానసిక వ్యాధి ఉన్నవారికి మాత్రమే గార్డియన్ సంతకం అవసరం. తన అనుమతి లేకుండా భార్య అబార్షన్ చేయించుకుందని నష్టపరిహారం కోరిన ఒక భర్త పిటిషన్‌ను 2017లోనే సుప్రీంకోర్టు కొట్టేసింది.

అయినా అడుగుతున్నారంటే కారణం భయం. మన చట్టం అబార్షన్‌ను హక్కుగా ఇవ్వలేదు. షరతుల ప్రకారం చేసిన డాక్టరుకు శిక్ష నుంచి మినహాయింపు ఇచ్చిందంతే. ఆ షరతులు దాటితే భారతీయ న్యాయ సంహిత 88వ సెక్షన్ కింద ఇప్పటికీ నేరమే. దానికి తోడు లింగ నిర్ధారణ కేసుల బెదురు. ఆడపిల్ల అని తెలిసి కడుపు తీయించడాన్ని ఎంత గట్టిగా అడ్డుకున్నా తక్కువే. కానీ స్కానింగులో ఆడో మగో తెలిసే వీలే లేని రెండో నెలలో వచ్చిన మనిషిని కూడా ఆ అనుమానంతో వెనక్కి పంపడం అన్యాయం.

వెనక్కి పంపితే వారాలు పోతాయి. వారాల లెక్క చివరి నెలసరి మొదటి రోజు నుంచి వేస్తారు. నెల తప్పిందని తెలిసేసరికే నాలుగు వారాలు దాటతాయి. మాత్రలతో తీయడానికి గడువు 9 వారాలు. అంటే మిగిలేది ఐదు వారాల లోపే. ఈలోగా రెండుసార్లు తిప్పితే ఆమె మెడికల్ షాపుకో, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరకో పోతుంది. (చట్టంలో ఆర్‌ఎంపీ అంటే డిగ్రీ, రిజిస్ట్రేషన్ ఉన్న డాక్టరు. మన ఊళ్లలో ఆ పేరుతో పిలిచే, డిగ్రీ లేని వైద్యుడు కాదు.) అక్కడ అబార్షన్ మాత్రల కిట్ చేతిలో పెడతారు: మిఫెప్రిస్టోన్ ఒకటి, మిసోప్రొస్టాల్ నాలుగు. ఎన్నో వారమో చూడరు. గర్భం గర్భసంచిలో కాక ట్యూబులో ఉంటే ఈ మాత్రలు పనిచేయవు. బ్లీడింగ్ అయింది కదా, కడుపు పోయిందనుకుంటే ట్యూబు పగిలేదాకా తెలియదు. వారాలు ముదిరాక వేసుకుంటే ముక్కలు లోపల మిగిలిపోయి, రక్తం ఆగదు, ఇన్‌ఫెక్షన్ వస్తుంది. గంటకు రెండు ప్యాడ్లు, వరుసగా రెండు గంటలు తడిస్తే వెంటనే ఆసుపత్రికి రావాలని చెప్పే దిక్కుండదు.

బిడ్డ అవయవాల్లో లోపాలను చూసే టిఫా స్కాన్‌లో లోపం బయటపడిన తల్లులది ఇంకా కష్టం. ఆ స్కాన్ చేసేదే 18 వారాల తర్వాత. 24 వారాలు దాటితే నిపుణులైన డాక్టర్లుండే మెడికల్ బోర్డుకు వెళ్లాలి. బోర్డు 3 రోజుల్లో అభిప్రాయం చెప్పాలని నిబంధన. అంత తొందర రాసిపెట్టిన చోట, వేరే ఊళ్లో పనికి పోయిన భర్త సంతకం కోసం ఆగమనడం ఏమిటి?

కడుపు తీయించుకోవడం పాపమని మనస్ఫూర్తిగా నమ్మేవారున్నారు. ఆ నమ్మకాన్ని నేను తక్కువ చేయను. ఆ నమ్మకంతో బిడ్డను కనాలనుకున్న స్త్రీ నిర్ణయం కూడా ఆమెదే. అయితే ఆ నమ్మకం పేరుతో చట్టంలో లేని గడిని ఫారంలో చేర్చే అధికారం ఏ ఆసుపత్రికీ లేదు. ఆమె వివరాలు బయటపెడితే ఎంటీపీ చట్టం 5-ఎ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు ఉంది. ఆమెకు చెప్పకుండా భర్తకు ఫోన్ చేయడమూ బయటపెట్టడమే.

రెండు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖలు ఫారం-సిని తెలుగులో పెద్ద అక్షరాలతో ప్రతి గైనిక్ ఓపీ గోడకు అంటించాలి. ప్రైవేటు ఆసుపత్రులకు ఎంటీపీ అనుమతులిచ్చే జిల్లా వైద్యాధికారులు, అక్కడ సొంతంగా అచ్చు వేయించుకున్న అంగీకార పత్రాలను తెప్పించి, ‘భర్త సంతకం’ అన్న గడి ఉంటే కొట్టివేయించాలి.

– ఒక స్త్రీ వైద్య నిపుణురాలు, ఖమ్మం