‘సాంగ్ నేమ్ ప్లీజ్’ అని అడిగించుకుంటున్నది మనమే

సంపాదకులకు నమస్కారం.

అభిమానులు సినిమా పాటలకు బొమ్మలు కూర్చి యూట్యూబ్‌లో పెట్టే వీడియోల కింద ఏ రోజు చూసినా ఒకటే ప్రశ్న: ‘సాంగ్ నేమ్ ప్లీజ్’. పాట పేరు డిస్క్రిప్షన్‌లో, అంటే వీడియో కింద వివరాలు రాసే గడిలో, ఉన్నా అడుగుతూనే ఉంటారు. అది చూసి మన విశాఖ ఎడిటర్లలో కొందరు, ఎలాగూ ఎవరూ చదవరు కదా అని ఆ గడిని ఖాళీగా వదిలేస్తున్నారు, లేదా హ్యాష్‌ట్యాగులతో కూరేస్తున్నారు. చదవరన్న మాట చాలావరకు నిజమే. ఎందుకు చదవరని ఆరా తీస్తే మాత్రం తప్పు ఎక్కువగా రాసేవాళ్ల దగ్గరే తేలుతుంది.

ఫోనులో యూట్యూబ్ తెరిస్తే వీడియో కింద కనిపించేది శీర్షిక, ఎంతమంది చూశారు, ఎప్పుడు పెట్టారు, అంతే. డిస్క్రిప్షన్ కావాలంటే శీర్షిక మీదో ‘మరిన్ని’ అన్నచోటో నొక్కాలి. పాట ఊపులో ఉన్నవాడు ఆ పని చేయడు. కంప్యూటర్‌లో మొదటి ఒకటి రెండు వరుసలు బయటికి కనిపిస్తాయి. టీవీలో రిమోట్‌తో వెతుక్కోవాలి. షార్ట్స్ డిస్క్రిప్షన్‌లో పెట్టిన లింకులైతే 2023 ఆగస్టు 31 నుంచి నొక్కినా తెరుచుకోవు. ఇక వాట్సాప్‌లో చేతులు మారే వీడియో వెంట డిస్క్రిప్షన్ రానే రాదు.

ఇన్ని దాటి తెరిచినవాడికి దొరికేదేమిటి? సబ్‌స్క్రైబ్ చేయండి, ఇన్‌స్టా లింకు, టెలిగ్రామ్ లింకు, ఆ కింద ఇంగ్లిషులో పేరా పొడుగు ప్రకటన: 1976 చట్టం, సెక్షన్ 107, ఫెయిర్ యూజ్. ఆ చట్టం అమెరికాది. గాజువాకలో కూర్చుని తెలుగు పాటకు కట్టిన వీడియో కింద అది ఎందుకుందో అతికించినవాడికే తెలియదు. మన దేశంలో ఉన్నది 1957 కాపీరైట్ చట్టం. అందులో సెక్షన్ 52 సొంత వాడకానికి, విమర్శకు, సమీక్షకు, వర్తమాన ఘటనల వార్తలకు కొంత వెసులుబాటు ఇస్తుంది. ‘ఉల్లంఘించే ఉద్దేశం లేదు’ అని రాసుకుంటే దక్కే రక్షణ ఏమీ లేదు. హక్కులున్న పాటల్ని పట్టుకునే యూట్యూబ్ ఏర్పాటు కంటెంట్ ఐడీ. అది పోల్చి చూసేది ధ్వనిని, బొమ్మను. డిస్క్రిప్షన్‌లో ఎన్ని దండాలు పెట్టినా దానికి పట్టదు. పాట దొరికిపోతే హక్కుదారు ఇష్టాన్ని బట్టి వీడియో ఆగిపోతుంది, లేదా ప్రకటనల డబ్బు అటు పోతుంది, లేదా వాళ్లు ఊరికే లెక్కలు చూసుకుంటారు. అది క్లెయిమ్. స్ట్రైక్, అంటే హక్కుదారు ఫిర్యాదుతో వీడియో తీసేసి ఛానల్‌కు ఇచ్చే హెచ్చరిక, వేరే సంగతి. 90 రోజుల్లో మూడు పడితే ఛానలే పోవచ్చు. దీన్ని తప్పించుకుందామని పాట శ్రుతిని అర మెట్టు పెంచేవాళ్లూ ఉన్నారు. గాయని గొంతు సహజత్వం పోతుంది, క్లెయిమ్ రాదన్న నమ్మకం మాత్రం లేదు.

ఒకప్పుడు సినిమా హాలు బయట పాటల పుస్తకాలు అమ్మేవారు. జనం డబ్బిచ్చి కొని మరీ చదివేవారు. నటీనటుల పేర్లు, పాట పాటకీ రాసినవారు, పాడినవారు, సగం కథ చెప్పి ‘తరువాయి వెండితెరపై చూడండి’ అనే ఊరింపు. చదివేందుకు సరుకుండేది, అందుకని చదివారు. శ్రీశ్రీ, ఆరుద్ర పుట్టిన ఊరు ఇది. సిరివెన్నెల చదువుకున్నది పక్కనే అనకాపల్లిలో. అలాంటిచోట తయారయ్యే వీడియోల కింద హీరో పేరు ఆరు హ్యాష్‌ట్యాగుల్లో ఉంటుంది, పాట రాసినవారి పేరు ఒక్కచోటా ఉండదు. (హ్యాష్‌ట్యాగులు 60 దాటితే యూట్యూబ్ మొత్తం అన్నిటినీ పక్కన పెట్టేస్తుందని కూరేవాళ్లు గుర్తుంచుకుంటే మంచిది.)

కాబట్టి మొదటి వరుసలో పల్లవి తొలి మాటలు, సినిమా, సంవత్సరం ఉండాలి. రెండో వరుసలో రచయిత, సంగీత దర్శకుడు, గాయకులు. పాట పేరును ఇంగ్లిషు అక్షరాల్లోనూ రాయాలి, తెలుగు పాటను చాలామంది వెతికేది ఆ అక్షరాలతోనే. తెలుగులో రాసేటప్పుడు ఇంకో చిక్కుంది. డిస్క్రిప్షన్‌కు 5,000 అక్షరాలు, శీర్షికకు 100 అని హద్దు. మన కంటికి ‘స్త్రీ’ ఒక్క అక్షరం, కంప్యూటర్ లెక్కలో ఆరు. అందుకే తెలుగు శీర్షిక అనుకున్నదానికన్నా ముందే నిండిపోతుంది.

నాలుగైదు పాటలు కలిపిన మాషప్ అయితే అసలు మందు చాప్టర్లే. డిస్క్రిప్షన్‌లో ఏ నిమిషంలో ఏ పాటో రాస్తే ఆ పేర్లు వీడియో కింది గీత మీదికే వచ్చేస్తాయి, డిస్క్రిప్షన్ తెరవనివాడు కూడా చదివేస్తాడు. నియమాలు మూడే: మొదటి సమయం 0:00 అయి తీరాలి, వరుసగా పెరిగేలా కనీసం మూడు సమయాలుండాలి, ఒక్కో భాగం 10 సెకన్లకు తగ్గకూడదు. చాప్టర్లు రావడం లేదని అనేవాళ్ల వీడియోల్లో చాలాసార్లు ఉండే తప్పు ఒకటే. టైటిల్ కార్డు అయిపోయాక పాట మొదలైన చోటు, 0:07 అనుకోండి, అక్కడి నుంచి లెక్క రాస్తారు. 0:00 దగ్గర ‘ప్రారంభం’ అని ఒక వరుస పెట్టి, పాటను 0:10 తర్వాత మొదలయ్యేలా జరిపితే సరిపోతుంది.

డిస్క్రిప్షన్‌ని ఆసాంతం చదివే వర్గం ఒకటుంది, ఎడిటింగ్ నేర్చుకునేవాళ్లు. వాళ్లకు కావలసింది అంకెలు. పాట వేగం నిమిషానికి 120 దెబ్బలైతే (తాళం దెబ్బలు), సెకనుకు 24 ఫ్రేముల వీడియోలో దెబ్బకు 12 ఫ్రేములు, కట్ (దృశ్యం మారే చోటు) సరిగ్గా పడుతుంది. అదే వేగం 100 అయితే 14.4 వస్తుంది. ప్రతి కట్‌కూ 14 ఫ్రేములే లెక్క పెట్టుకుంటూ పోతే పదో దెబ్బకు బొమ్మ నాలుగు ఫ్రేములు, అంటే సెకనులో ఆరో వంతు ముందుకు పోతుంది. డప్పు ఒకచోట, అడుగు ఒకచోట. ప్రతి కట్‌నూ పాట మొదలు నుంచి కొలిచి, దగ్గరి ఫ్రేముకు సర్దాలి. ఇలాంటి మూడు వరుసలు రాసిపెడితే ఆ వీడియోను దాచుకుని మరీ చదువుతారు.

మన ప్రేక్షకులు ఎంతవరకు చదువుతున్నారో తెలుసుకునే చవక పద్ధతి కూడా ఉంది. ‘ఇక్కడిదాకా చదివితే కామెంట్‌లో ఈ మాట రాయండి’ అని డిస్క్రిప్షన్ మొదట్లో కైలాసగిరి, నడుమ యారాడ, చివర డాల్ఫిన్ నోస్ పెట్టండి. వారం తర్వాత లెక్కేస్తే ఎవరు ఎక్కడ ఆగారో తేలుతుంది. కామెంట్లన్నీ ముందుగా పరిశీలనకు ఆగేలా సెట్టింగ్ మార్చడం మరవొద్దు. లేదంటే ఒకరు రాసింది చూసి పదిమంది అదే రాస్తారు, లెక్క పోతుంది. చదివి ఊరుకునేవాళ్లు ఇందులో రారు గనుక వచ్చిన అంకెను కనీసం అనుకోవాలి. లింకు నొక్కిన లెక్కతో చూద్దామంటే, ఛానల్‌కు యూట్యూబ్ విడిగా ఇచ్చే అడ్వాన్స్‌డ్ ఫీచర్ల అనుమతి లేకుంటే ఆ లింకు ఉత్త అక్షరాలుగానే మిగులుతుంది.

వాట్సాప్ బాట పట్టే వీడియో కోసం పాట, సినిమా, రచయిత పేర్లు బొమ్మలోనే ఉండాలి, ఐదు సెకన్ల కార్డు చాలు. దాన్ని చిట్టచివర పెడితే యూట్యూబ్ ఎండ్ స్క్రీన్ పెట్టెలు (వేరే వీడియోలు చూడమని చివర్లో కనిపించేవి) దాని మీదికి ఎక్కి కూర్చుంటాయి. ఎండ్ స్క్రీన్ చివరి 5 నుంచి 20 సెకన్లలో వస్తుంది, వీడియో 25 సెకన్లకు తగ్గితే అసలు పెట్టనివ్వదు. కార్డును దానికి ముందే ముగించండి.

అన్నీ చేశాక పాట వివరాన్ని ఒక కామెంట్‌గా రాసి పైన పిన్ చేయండి. దాని కిందే ఎవరో ఒకరు మళ్లీ ‘సాంగ్ నేమ్ ప్లీజ్’ అంటారు. విసుక్కోకుండా ‘1:24, రెండో చాప్టర్’ అని జవాబిస్తే చాలు. ఆ అంకె నొక్కగానే పాట దగ్గరికే వెళ్తుంది.

ఇట్లు,
అభిమాన వీడియోలు ఎడిట్ చేసే కొందరు,
మద్దిలపాలెం, విశాఖపట్నం