హైడ్రోఫోన్‌కు సరిపడని ప్రీయాంప్లిఫైయర్ అంటగట్టినందుకు ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: ప్రీయాంప్లిఫైయర్ వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వడం గురించి.

నమస్కారం. మీ దగ్గర కొన్న ప్రీయాంప్లిఫైయర్ (బలహీనమైన సిగ్నల్‌ను పెంచే పెట్టె) చెడిపోలేదు. అసలది నా హైడ్రోఫోన్‌కు, అంటే నీటి అడుగున శబ్దాలు పట్టే మైక్‌కు, పనికొచ్చే రకమే కాదు. ఆ సంగతి కొనకముందే చెప్పాల్సింది మీరు. ఎందుకంటే నా వివరాలన్నీ ముందే మెయిల్‌లో రాసి, ఇది సరిపోతుందా అని అడిగాను. "ఏ హైడ్రోఫోన్‌కైనా, ఏ ఏడీసీకైనా పనిచేస్తుంది" అని మీ సేల్స్ విభాగం రాసిన జవాబు నా దగ్గర ఉంది. ఏడీసీ అంటే సిగ్నల్‌ను అంకెలుగా మార్చే పరికరం.

నేను కాకినాడ తీరంలో చేపల శబ్దాలు రికార్డు చేసే పరిశోధక విద్యార్థిని. నాకు కావాల్సింది కచ్చిడి, దాని కుటుంబానికి చెందిన చేపల శబ్దాలు. ఏ గాలితిత్తి కోసం వ్యాపారులు కచ్చిడికి లక్షలు పెడతారో, ఆ గాలితిత్తినే కండరాలతో అదిలించి ఈ చేపలు శబ్దం చేస్తాయి. అందులో బలమంతా దాదాపు 1000 హెర్ట్జ్ లోపే ఉంటుంది. మీ పెట్టె పెట్టాక పోయింది సరిగ్గా ఆ భాగమే.

కారణం ఇన్‌పుట్ ఇంపెడెన్స్, అంటే లోపలికి వచ్చే సిగ్నల్‌కు మీ పెట్టె చూపే నిరోధం. మీ కరపత్రంలో ఆ అంకె ఎక్కడా లేదు. ల్యాబ్‌లో కొలిస్తే 10 కిలో ఓమ్‌లు అని తేలింది. నా హైడ్రోఫోన్‌లో ఉన్నది పీజో సిరామిక్, అంటే ఒత్తిడి పడితే విద్యుత్తు పుట్టించే పదార్థం. యాంప్లిఫైయర్‌కు అది 3 నానోఫారడ్‌ల కెపాసిటర్‌లాగే కనిపిస్తుంది. ఈ రెండూ కలిస్తే సుమారు 5300 హెర్ట్జ్ దగ్గర కోత మొదలవుతుంది, కిందికి వెళ్లేకొద్దీ సిగ్నల్ పడిపోతూనే ఉంటుంది. హైడ్రోఫోన్ తీసేసి, సిగ్నల్ జనరేటర్‌కూ మీ పెట్టెకూ మధ్య అంతే విలువున్న కెపాసిటర్ పెట్టి చూశాను. 300 హెర్ట్జ్ దగ్గర రావాల్సిన దాంట్లో 18వ వంతే వచ్చింది. ఇన్‌పుట్ ఇంపెడెన్స్ 10 మెగా ఓమ్‌లు ఉండి ఉంటే ఈ కోత 5 హెర్ట్జ్ దగ్గరికి దిగేది, అది నా పనికి అడ్డయ్యేది కాదు.

కేబుల్ 30 మీటర్లని కూడా ఆ మెయిల్‌లోనే రాశాను. మామూలు కోయాక్సియల్ కేబుల్‌కు మీటరుకు దాదాపు 100 పికోఫారడ్‌లు ఉంటాయి. అంటే కేబుల్ ఒక్కటే హైడ్రోఫోన్‌తో సమానమైన కెపాసిటెన్స్. ఇన్‌పుట్ ఇంపెడెన్స్ ఎంత పెంచినా, మీది లాంటి వోల్టేజ్ యాంప్లిఫైయర్‌కు అందేది సగమే. ఇలాంటి చోట చార్జ్ యాంప్లిఫైయర్ (వోల్టేజ్ బదులు విద్యుదావేశాన్ని అందుకునే రకం) వాడండి, లేదంటే ప్రీయాంప్‌ను నీళ్లలోనే హైడ్రోఫోన్ పక్కన పెట్టండి అని ఈ పని తెలిసినవాళ్లు ఎవరైనా చెబుతారు. మీరు ఆ మాటే ఎత్తలేదు.

గెయిన్, అంటే సిగ్నల్‌ను ఎంత పెంచుతుందన్న సంగతి మరీ ఘోరం. మీది 60 డెసిబెల్స్, మార్చే వీలే లేదు. మా తీరంలో నీటి అడుగున చిటికెలు వేసే రొయ్యల చప్పుడు ఆగకుండా ఉంటుంది. ఏదైనా దగ్గర్లో చిటికె వేసిందంటే చాలు, ±2.5 వోల్టుల నా ఏడీసీ పరిధి దాటిపోయి క్లిప్ అవుతోంది, అంటే సిగ్నల్ కొనలు తెగిపోతున్నాయి. ఆ చిటికెల్లో 100 కిలోహెర్ట్జ్ పైన కూడా శక్తి ఉంటుంది. నేను సెకనుకు 96,000 శాంపిళ్లు తీస్తాను కాబట్టి 48 కిలోహెర్ట్జ్ పైనున్నదాన్ని ఏడీసీకి చేరకముందే ఫిల్టర్ ఆపాలి. మీ పెట్టెలో ఫిల్టర్ లేదు, ఆ చప్పుడంతా మడతపడి కింది ఫ్రీక్వెన్సీల్లోకి వచ్చి కూర్చుంటోంది.

ఇదంతా వివరిస్తే మీ టెక్నీషియన్ "మీ హైడ్రోఫోనే పాడై ఉంటుంది" అన్నారు. అదే హైడ్రోఫోన్, అదే కేబుల్, అదే ఏడీసీ. మా ల్యాబ్‌లో అడిగి తెచ్చుకున్న చార్జ్ యాంప్లిఫైయర్‌తో చేపల శబ్దాలు శుభ్రంగా వచ్చాయి. రెండు రికార్డింగులూ జతచేస్తున్నాను, విని చూడండి. మీ సలహా నమ్మి స్టైపెండ్ డబ్బు పెట్టాను. చేపలు గుడ్లు పెట్టే కాలంలోనే ఈ శబ్దాలు ఎక్కువ. ఆ కాలమంతా మీ జవాబుల కోసం ఎదురుచూస్తూ టెన్షన్‌తోనే గడిచిపోయింది.

పూర్తి ధర, రవాణా ఖర్చుతో సహా 15 రోజుల్లో తిరిగి ఇవ్వండి. దీని బదులు ఇంకొకటి పంపుతామంటే నాకు వద్దు. కరపత్రంలో ఇన్‌పుట్ ఇంపెడెన్స్, గెయిన్, ఫ్రీక్వెన్సీ పరిధి అచ్చువేయండి, "ఏ హైడ్రోఫోన్‌కైనా" అన్న మాట తీసేయండి. నాలాంటి విద్యార్థులు ఇంకా చాలామంది దాన్ని చూసే కొంటారు. గడువులోగా జవాబు రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాను.

జతపరచినవి: బిల్లు, మెయిళ్ల ప్రతులు, కొలతల గ్రాఫులు, రెండు రికార్డింగులు.

ఇట్లు,
పరిశోధక విద్యార్థి,
కాకినాడ