ఆరు నెలలు మా గడప తొక్కిన ఆశా అక్కకు

అందరికీ నమస్కారం. నేను దుబాయిలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేస్తున్నాను. మాది జగిత్యాల జిల్లాలో కోరుట్ల దిక్కు ఒక పల్లె. ఈ అక్టోబరు మొదటి వారంలో మా అమ్మకు టీబీ మందుల కోర్సు పూర్తయింది. చివరి గల్ల (కఫం) పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. ఆ రిపోర్టు ఫొటో అందరికంటే ముందు నాకు పంపింది మా వాడకట్టు ఆశా అక్క, అంటే ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్త. కింద ఒక్క ముక్క రాసింది: "తమ్మీ, అమ్మ గెలిచింది."

తన పేరు రాయొద్దంది అక్క, అందుకే రాయడం లేదు. అమ్మను అడిగాకే ఇది రాస్తున్నాను. "రాయి బిడ్డా, దాచి దాచి ఏం బాగుపడ్డం?" అంది అమ్మ.

సంక్రాంతి తర్వాత మొదలైంది దగ్గు. అమ్మ ముప్పై ఏళ్లుగా బీడీలు చేస్తుంది. పొద్దున లేచింది మొదలు ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, కత్తెర. మా దిక్కు ఇంటికొక మనిషి బీడీలు చేస్తారు, ఇంటికొక మనిషి గల్ఫ్‌లో ఉంటారు. తంబాకు దుమ్ముకు దగ్గు రావడం ఎవరికీ కొత్త కాదు కాబట్టి ఇంట్లో పట్టించుకోలేదు. నేను ఫోన్ చేసినప్పుడు అడిగితే "ఘాటు ఎక్కింది బిడ్డా, అంతే" అనేది. ఒక ప్రైవేటు దవాఖానకు రెండుసార్లు తీసుకుపోతే సిరప్పులు రాశారు, సూదులు వేశారు, గల్ల పరీక్ష మాట ఎత్తలేదు. నాలుగు వేల దాకా ఖర్చయింది. ఫిబ్రవరి దాటేసరికి సాయంత్రం కాగానే సన్నగా జ్వరం, రాత్రిళ్లు చెమటలు. జాకెట్లన్నీ వదులైపోయాయని నా భార్య చెప్పింది. వీడియో కాల్‌లో అమ్మ ఫోన్‌ను మొహానికి దూరంగా పట్టుకునేది. ఎందుకో నాకప్పుడు తట్టలేదు.

మార్చి చివర్లో అక్క బీపీ, షుగర్ సర్వేకని ఇంటింటికీ తిరుగుతూ మా ఇంటికి వచ్చింది. లోపలి నుంచి దగ్గు వినబడింది. చేతిలో ఉన్న రిజిస్టరు పక్కన పెట్టి, "ఎన్ని దినాల నుంచి చిన్నమ్మా?" అని అడిగింది. అమ్మ "మొన్నటి నుంచే" అంది. అక్క నా భార్య వైపు చూసింది. నా భార్య తల దించుకుంది. రెండు వారాలు దాటిన దగ్గు ఏదైనా గల్ల పరీక్ష చేయించాల్సిందేనని చెప్పి, మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బీ తెచ్చిచ్చింది.

అమ్మ ఇచ్చిన మొదటి శాంపిల్‌లో అంతా ఉమ్మే ఉంది. అది పనికిరాదు. మర్నాడు పొద్దున ఆరు కాకముందే అక్క మళ్లీ వచ్చింది. ఏమీ తినకముందే అమ్మతో నోరు పుక్కిలింపించింది. ఇంట్లో వద్దని వాకిట్లోకి, గాలి తగిలే చోటికి తీసుకొచ్చింది. తాను కొంచెం పక్కకు నిలబడి, "ఊపిరి మంచిగ లోపలికి తీసుకో, ఆపు, ఇప్పుడు రొమ్ములో నుంచి దగ్గు" అని మూడుసార్లు చేయించింది. తర్వాత మూత గట్టిగా బిగించి, పేరు రాసి, సంచిలో నిటారుగా పెట్టుకుని తానే పీహెచ్‌సీకి తీసుకుపోయింది. ఆ పని చూసి నా భార్య ఏడ్చింది. కన్న కొడుకును, అమ్మ గల్ల డబ్బీ నేనైతే అంత మర్యాదగా పట్టుకునేవాణ్ణా అని ఇక్కడ రాత్రి పడుకుని చాలాసేపు ఆలోచించాను.

పాజిటివ్ అని తేలిన రోజు ఇల్లంతా టెన్షన్. అమ్మ ముందు అన్న మాట, "ఎవరికీ చెప్పకండి." మా ఊళ్లల్లో ఇది ఎందుకంత పెద్ద విషయమో బయటివాళ్లకు అర్థం కావాలంటే గల్ఫ్ మెడికల్ గురించి చెప్పాలి. వీసాకు ముందు ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. అందులో మచ్చ కనిపిస్తే అన్‌ఫిట్. మా తమ్ముడు అప్పటికే సౌదీ వీసా కోసం అప్పు చేసి ఉన్నాడు. ఇంట్లో టీబీ ఉందని తెలిస్తే తన ప్రయాణం ఆగిపోతుందని వాడి భయం. బీడీ పని పోతుందని, కార్డు మీద వచ్చే పీఎఫ్, రేపటి పింఛను పోతాయని అమ్మ భయం. ఊళ్లో బిడ్డను ఎవరూ ఎత్తుకోరని నా భార్య భయం. ఇన్ని భయాల మధ్య రోగం సంగతి ఎవరికి గుర్తుంటుంది?

అక్క ఎవరినీ కోప్పడలేదు. తమ్ముణ్ణి పక్కకు పిలిచి, "మెడికల్‌ల బయటపడితే అక్కడ నీకు మందు ఇచ్చేటోళ్లు ఉండరు, పైసలు పోతయి. ఇక్కడ బయటపడితే మందు ఉంది, నేనున్న" అని చెప్పింది. వాడు ఎక్స్‌రే తీయించుకున్నాడు. ఏమీ లేదు. నా బిడ్డకు నాలుగేళ్లు. ఐదేళ్లలోపు పిల్లలకు ఇంట్లో ఉన్న టీబీ తొందరగా అంటుకుంటుందట, అది కూడా అక్క చెబితేనే మాకు తెలిసింది. బిడ్డకు పరీక్ష చేయించి, జబ్బు లేదని తేలాక, రాకుండా ఉండేందుకు ముందుజాగ్రత్త మందులు మొదలుపెట్టించింది. పాప నాయనమ్మ ఒళ్లో పడుకునేది రోజూ. నేను ఇక్కడ ఆ నాలుగు రోజులు అన్నం తినలేదు.

మందులు మొదలుపెట్టేనాటికి అమ్మ బరువు 36 కిలోలు. ఆ బరువుకు రోజుకు మూడు గోలీలు, పరగడుపున. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపిన గోలీ, తర్వాత నాలుగు నెలలు మూడు మందులది. హెచ్ఐవీ, షుగర్ పరీక్షలు కూడా చేశారు. మొదలుపెట్టిన మర్నాడు తెల్లవారుజామున అమ్మ బాత్రూం నుంచి కేకేసింది, మూత్రం ఎర్రగా వస్తోందని, నెత్తురనుకుని. అక్క ముందే చెప్పిందట, ఆ మందు వల్ల నారింజ రంగు వస్తుందని. ఆ కంగారులో ఎవరికీ గుర్తు రాలేదు. నా భార్య ఫోన్ చేస్తే ఐదు నిమిషాల్లో వచ్చి, చూసి, "మందు పనిచేస్తుందని ఆనవాలు చిన్నమ్మా, భయపడకు" అని నవ్వి, టీ తాగి పోయింది.

మూడో వారంలో అసలు కష్టం వచ్చింది. వికారం, అన్నం చూస్తేనే వాంతి. అమ్మ రెండు రోజులు గోలీలు మింగలేదు. మాకు చెప్పకుండా షీటులోంచి తీసి తంబాకు డబ్బాలో వేసింది. అక్క వచ్చినప్పుడల్లా ఖాళీ షీట్లు అడిగి చూసేది. ఆ రోజు చూస్తే లెక్క సరిపోయింది, కానీ అమ్మ మొహం సరిపోలేదట. అక్క అమ్మ పక్కన కూర్చుని చాటలోంచి ఒక ఆకు తీసి కత్తిరించింది. తానూ పెళ్లికి ముందు బీడీలు చేసిన మనిషే. కాసేపటికి తంబాకు కోసం డబ్బా మూత తీసింది. ఆరు గోలీలు ఉన్నాయి అందులో. అమ్మ ఏడ్చేసింది. అక్క ఒక్క మాట అనలేదు. అదే రోజు ఆటోలో పీహెచ్‌సీకి తీసుకుపోయి డాక్టరమ్మకు చూపించింది. కళ్లు పచ్చబడ్డాయేమో చూశారు, కాలేయం పరీక్ష చేయించారు, బాగానే ఉంది. వాంతికి మందు ఇచ్చారు. మందు మధ్యలో మానితే ఆ క్రిమి మొండికేస్తుందని, అప్పుడు ఈ గోలీలు పనిచేయక ఇంకా కఠినమైన మందులు వాడాల్సి వస్తుందని డాక్టరమ్మ నిదానంగా చెప్పారు. ఆ తర్వాత నెల రోజులు అక్క రోజూ పొద్దున వచ్చి, అమ్మ మింగేదాకా ఉండి వెళ్లింది. ఆ ఎండాకాలంలో కూడా.

మా నాయనమ్మ చెప్పేది, వాళ్ల అన్నకు క్షయ వస్తే ఎర్రగడ్డ ఛాతీ దవాఖానకు తీసుకుపోయారని, మళ్లీ ఇంటి మొహం చూడలేదని. ఆ కాలంలో టీబీ అంటే ఇల్లు విడిచి పోవడమే. 1950ల చివర మద్రాసులో చేసిన పరిశోధనలో, మందులు సక్రమంగా వాడితే శానిటోరియంలో (టీబీ రోగుల దవాఖానలో) ఉన్నవాళ్లకు ఎంత నయమవుతుందో ఇంట్లో ఉన్నవాళ్లకూ అంతే నయమవుతుందని తేలింది. దుబాయిలో డ్యూటీ అయ్యాక రాత్రుళ్లు ఫోన్‌లో ఇవన్నీ చదువుతూ కూర్చునేవాణ్ణి. చదువుతుంటే ఒకటే అనిపించేది: ఇంట్లోనే నయమవుతుంది సరే, ఆ 'సక్రమంగా' అన్న మాటను నిలబెట్టేది ఎవరు? మా ఇంట్లో నిలబెట్టింది అక్క.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. టీబీ ఉన్నవాళ్లకు తిండి ఖర్చుకని నిక్షయ్ పోషణ కింద నెలకు వెయ్యి రూపాయలు ఇస్తారు. 2024 నవంబరు దాకా అది 500 ఉండేది. అమ్మ ఖాతా ఏళ్లుగా వాడక మూలపడింది. అక్క ఆధార్ కాగితాలు పట్టుకుని బ్యాంకుకు రెండుసార్లు తిరిగింది, అమ్మ వేలిముద్ర పడకపోతే మూడోసారి మళ్లీ పోయింది. బీడీలు చేసిన వేళ్లు కదా, గీతలు అరిగిపోతాయి. మొదటి 3 వేలు పడ్డ రోజు అమ్మ గుడ్లు, పల్లీలు, పాలు తెప్పించింది, అందులో సగం పాపకు పెట్టింది. అది తెలిసి నేను కోప్పడితే అక్క నన్నే మందలించింది, ఇంట్లో వాళ్లకూ బలం కావాలని. నిజమే. జార్ఖండ్‌లో 2019 నుంచి 2022 దాకా చేసిన అధ్యయనంలో, టీబీ రోగి ఇంట్లో మిగతావాళ్లకు కూడా మంచి తిండి అందిస్తే వాళ్లకు టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గిందట. అమ్మ ఇప్పుడు 44 కిలోలు.

ఇంత చేసినందుకు, ఒక టీబీ రోగిని ఆరు నెలలు కనిపెట్టుకుని కోర్సు పూర్తి చేయిస్తే ఆశాకు దక్కే పారితోషికం వెయ్యి రూపాయలు. ఇది తెలిశాక నాకు సిగ్గేసింది. ఆటో ఛార్జీలే అంతకంటే ఎక్కువయ్యుంటాయి, అడిగితే అక్క లెక్క చెప్పదు. 2005లో ఈ పథకం మొదలైంది. ఇప్పుడు దేశంలో దాదాపు పది లక్షల మంది ఆశాలు ఉన్నారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లందరికీ కలిపి పురస్కారం ఇచ్చింది. మంచిదే. కానీ వాళ్లకు ఇప్పటికీ జీతం అనేది లేదు, పారితోషికమే. నెలకు 18 వేలు స్థిరంగా ఇవ్వాలని అడుగుతున్నారు, ఎండలో ధర్నాలు చేస్తున్నారు. ఆ అడగడం న్యాయం. మా ఊరివాళ్లు, మా గల్ఫ్ అన్నలు ఎవరైనా వాళ్ల ధర్నా దారిలో కనబడితే పక్కన నిలబడండి. మన అమ్మానాన్నలను మన బదులు చూస్తున్నది వాళ్లే.

ఇంకొకటి. మా ఊరి చివర ఇటుక బట్టీలో ఒడిశా కూలీలు ఉంటారు. వాళ్లు మా ఊరి లెక్కలో లేరు, ఓటరు జాబితాలో లేరు, ఆరు నెలలు ఉండి పోతారు. అక్క అక్కడికీ పోతుంది. ఒకసారి వీడియో కాల్ చేస్తే గాలి శబ్దంలో మాట్లాడింది. బట్టీ దగ్గర ఒక బాలింత ఉందట, భాష రాదు, వేళ్లతో చూపించి పాలు ఎన్నిసార్లు పట్టాలో చెబుతోంది. నేను ఇక్కడ అలాంటి కూలీనే. భాష సరిగా రాని ఊళ్లో జ్వరం వస్తే ఎంత భయమేస్తుందో నాకు తెలుసు. ఆ తల్లికి ఆ రోజు ఎంత ధైర్యం వచ్చి ఉంటుందో కూడా తెలుసు.

సద్దుల బతుకమ్మ నాడు అమ్మ గడప దగ్గరే కూర్చుంది. మందులు వాడుతున్నా, అంటుకునే దశ ఎప్పుడో దాటినా, ఊరి ఆడవాళ్లు ఏమంటారోనని. అక్క తన బతుకమ్మను చేతిలో పట్టుకుని మా ఇంటి ముందుకు వచ్చి, "చిన్నమ్మా, నడువు" అంది. రెండో చేత్తో అమ్మ చెయ్యి పట్టుకుని వాకిలి దింపింది. చౌరస్తాలో ఆడవాళ్లు ఒక్క క్షణం చూశారు, జరిగి చోటిచ్చారు. నా భార్య వీడియో తీసి పంపింది. రెండు నిమిషాల వీడియో. మా రూంలో ఎనిమిది మందిమి ఉంటాం, అందరికీ చూపించాను.

డాక్టరమ్మకు, ఏఎన్ఎం సిస్టర్‌కు, ల్యాబ్ అన్నకు, నెలనెలా ఫోన్ చేసి అడిగిన టీబీ సూపర్‌వైజర్ సార్‌కు, అమ్మ ప్లేటు వేరుగా పెట్టకుండా మా ఇంట్లోనే కూర్చుని చాయ్ తాగిన పక్కింటి పెద్దమ్మకు చేతులెత్తి దండం పెడుతున్నాను.

అక్కా, డిసెంబరులో వస్తున్నాను. ఏం తేవాలని అడిగితే ఏమొద్దన్నావు. నాలుగుసార్లు అడిగాక, రాత్రిళ్లు కాన్పులకు పోయేటప్పుడు ఫోన్ లైటు సరిపోవడం లేదు, గట్టి టార్చి ఉంటే తెమ్మన్నావు. శుక్రవారం మార్కెట్‌కు పోయి కొన్నాను. ఛార్జింగ్ పెట్టేది, వానకు తడిసినా పాడవనిది. రెండు కొన్నాను, ఒకటి బట్టీ దగ్గర ఆ తల్లికి ఇవ్వు.