లెక్కల పీరియడ్‌కు క్రోషే సూది

సంపాదకులకు,

విశాఖ బడుల్లో అల్లికను క్రాఫ్ట్ పీరియడ్‌కే పరిమితం చేయడం అన్యాయం. ఆరు సింగిల్ క్రోషే కుట్లతో (కొక్కెం సూదితో వేసే పొట్టి, మామూలు కుట్లు) మొదలెట్టి చుట్టుకు ఆరేసి పెంచితే (6, 12, 18, 24) చదునైన చక్రం వస్తుంది. ఆరే ఎందుకు? కుట్టు ఎత్తు, వెడల్పు దాదాపు సమానం. వ్యాసార్థం ఒక కుట్టు పెరిగితే చుట్టుకొలత రెండు ‘పై’లు, అంటే 6.28 (సుమారు ఆరు) కుట్లు పెరగాలి. తక్కువైతే గిన్నెలా ముడుచుకుంటుంది, ఎక్కువైతే అంచు కుచ్చిళ్లు పోతుంది.

ఆ కుచ్చిళ్లలోనే అసలు గణితం. 1997లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో గణితవేత్త డైనా తైమినా అతిపరావలయ తలాన్ని (హైపర్బోలిక్ ప్లేన్, అంటే అంతటా గుర్రపు జీనులా వంగే తలం) ఇలాగే అల్లారు. 20 గొలుసు కుట్లు వేసి, ప్రతి ఐదో కుట్టులో రెండేసి అల్లుతూ పోతే పదో వరుసకు సుమారు 124 అవుతాయి. వదులుగా అల్లితే ఆకారం వాలిపోతుంది. సూది ఒక సైజు చిన్నదే తీసుకోవాలి.

– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం