మార్కెట్ గేటు దగ్గరే పురుగుమందుల టెస్ట్ పెట్టండి సార్

ఆహార భద్రత కమిషనర్ గారికి నమస్కారం.

సార్, కూరగాయల శాంపిల్ ల్యాబ్‌కి వెళ్ళి రిపోర్ట్ వచ్చేలోపు ఆ సరుకు అమ్ముడైపోయి జనం వండుకుని తినేసి కూడా ఉంటారు, ఇక ఆ రిపోర్ట్ ఎవరికి పనికొస్తుంది చెప్పండి. అందుకే హోల్‌సేల్ మార్కెట్లో లోడ్ దిగిన చోటే ర్యాపిడ్ టెస్ట్ పెట్టమని అడుగుతున్నాం.

ఇదేం కొత్త టెక్నాలజీ కాదు. ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్‌తో పనిచేసే స్ట్రిప్పులు ఎప్పట్నుంచో ఉన్నాయి, ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ మందులు పురుగుల్లో (మనుషుల్లో కూడా) అడ్డుకునేది ఆ ఎంజైమ్‌నే కాబట్టి, కాయ మీంచి తీసిన ద్రావణం వేసినప్పుడు రావాల్సిన రంగు రాకపోతే మందు ఉందని అనుమానించొచ్చు, అరగంటలోపే తేలిపోతుంది.

కానీ ఇదొక్కటే చూసి సేఫ్ అని సర్టిఫికెట్ మాత్రం ఇవ్వొద్దు సార్. పైరెత్రాయిడ్లు, నియోనికోటినాయిడ్లు లాంటి వేరే రకం పురుగుమందులు దీనికి దొరకవు, ఏ మందో చెప్పదు, ఎంత ఉందో కచ్చితంగా చెప్పదు, ఉల్లి వెల్లుల్లి లాంటివాటికి ఒక్కోసారి తప్పు రిజల్ట్ కూడా చూపిస్తుంది. అనుమానం వచ్చిన లోడ్ ఆపి, శాంపిల్‌ని ఏ మందు ఎంత ఉందో తేల్చే ఎల్‌సీ-ఎంఎస్, జీసీ-ఎంఎస్ మెషిన్లున్న ల్యాబ్‌కి పంపాలి, ఆ రిపోర్ట్ కూడా త్వరగా రావాలి, లేకపోతే సరుకు కుళ్ళి నష్టపోయేది రైతే. నెగెటివ్ వచ్చినవాటిలో కూడా కొన్ని పంపించండి, అప్పుడే స్ట్రిప్పు ఏం వదిలేస్తోందో తెలుస్తుంది.

ఇంకోటి, మందు ఉందని తేలిన ప్రతిసారీ రైతుని దోషిలా నిలబెట్టకండి. మందు కొట్టాక కోతకి ఎన్ని రోజులు ఆగాలో డబ్బా లేబుల్ మీద ఉంటుంది గానీ ఆ చిన్న అక్షరాలు చదివి చెప్పే మనిషి పొలం దాకా రావాలి కదా. రిజల్ట్స్ మాత్రం అదే రోజు మార్కెట్ బోర్డు మీద అందరికీ కనపడేలా రాయించండి.

ఇట్లు,
రోజూ కూరగాయలు కొనే ఒక వినియోగదారు