జిరాక్స్ షాపు గిరి గురించి, ఇంకా కొన్ని

చిరంజీవి చిన్నాకి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. నాన్నగారి షుగరు అదుపులోనే ఉంది గానీ పొద్దున నడక మళ్ళీ మానేశారు. నువ్వు ఫోను ఎత్తడం లేదని రాస్తున్నాననుకోకు, నీ సిట్‌కామ్ స్క్రిప్టు గురించి, అదే నీ హాస్య సీరియల్ గురించి రాస్తున్నాను. ఆ ఓటీటీ వాళ్ళు "మెయిన్ క్యారెక్టర్ లవబుల్‌గా లేడు" అని తిప్పి పంపారని పండు చెప్పాడు. మీ సుజాతత్తయ్య ఇంకో మాట కూడా చెప్పింది, నువ్వు బండి అమ్మేశావని. ఆవిడ సంగతి నీకు తెలిసిందే. అది తర్వాత మాట్లాడుకుందాం.

వాళ్ళు ఎలా చెప్పినా చెప్పినదాంట్లో తప్పేం లేదురా. సినిమాలో నచ్చని మనిషినైనా రెండు గంటలు కథ కోసం భరిస్తాం. సిట్‌కామ్‌లో గొడవ ఇరవై రెండు నిమిషాల్లో పుట్టి అక్కడే తీరిపోతుంది, వచ్చేవారానికి అందరూ మళ్ళీ మొదటి చోటే ఉంటారు. తర్వాత ఏమవుతుందో అన్న ఆత్రం లేనప్పుడు జనం మళ్ళీ టీవీ ముందుకొచ్చేది ఆ మనుషుల కోసమే. 'అమృతం' 2001 నవంబరు నుంచి 2007 నవంబరు దాకా జెమినిలో 313 ఎపిసోడ్లు వచ్చింది. అమృతరావు వేషం శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ ముగ్గురూ వేశారు. హీరో మొహం మారితే ఏ సీరియలైనా కుంగాలి. ఇది నిలబడింది. ఎందుకంటే అమృతరావు బుద్ధి మారలేదు. కష్టపడకుండా గొప్పవాడైపోవాలన్న ఆశ, ప్రతిసారీ బోర్లా పడటం, ఎవరు వేసినా అవే. పక్కన గుండు హనుమంతరావు స్నేహితుడు ఆంజనేయులుగా అలాగే ఉన్నాడు. వాడు తిట్టుకుంటూనైనా అమృతాన్ని వదలడు, కాబట్టి మనమూ వదలం.

ఇక నీ మెయిన్ క్యారెక్టర్ గిరి. అశోక్‌నగర్‌లో జిరాక్స్ షాపు, చుట్టూ గ్రూప్స్ రాసే పిల్లలు. చోటు చాలా బాగా ఎంచుకున్నావు. కానీ మొదటి మూడు పేజీల్లో గిరి చేసేదేమిటి? పేజీకి రూపాయి ఎక్కువ గుంజుతాడు, షాపులో పనిచేసే బాషాని తిడతాడు, ఊరి నుంచి వచ్చిన అమ్మాయి ఇంగ్లీషుని వెక్కిరిస్తాడు. మూడూ తనకన్నా చిన్నవాళ్ళ మీదే. ఆ మూడో పేజీలోనే చూసేవాడు గిరికి దూరమైపోతాడు. తర్వాత నువ్వు ఎంత మంచి జోకు రాసినా వాడికి నవ్వు రాదు.

అమెరికా 'ది ఆఫీస్' సీరియల్ వాళ్ళకి ఇదే జరిగింది. కాస్త పొడుగు సంగతి, ఓపిగ్గా చదువు. బ్రిటన్‌లో 2001లో వచ్చినదాన్ని చూసి 2005 మార్చిలో వీళ్ళు మొదలుపెట్టారు. స్క్రాంటన్ అనే ఊళ్ళో కాగితాల కంపెనీ బ్రాంచి, దాని మేనేజరు మైఖేల్ స్కాట్. మొదటి ఎపిసోడ్‌లో రిసెప్షన్ అమ్మాయి పామ్‌ని ఉత్తుత్తినే ఉద్యోగంలోంచి తీసేస్తున్నానంటాడు. అది హాస్యమని అతని ఉద్దేశం. ఆ పిల్ల ఏడుస్తుంది. అసలు బ్రిటిష్‌దాంట్లో ఈ చేదు చెల్లింది, అది రెండు చిన్న సిరీస్‌లూ ఒక క్రిస్మస్ స్పెషలూ అంతే. ఏళ్ళ తరబడి నడపాలనుకున్నదానికి ఎలా చెల్లుతుంది? ఆరు ఎపిసోడ్ల మొదటి సీజన్‌కి పెద్దగా ఆదరణ రాలేదు. ఆ వేసవిలో మైఖేల్ వేషం వేసిన స్టీవ్ కరెల్ సినిమా ఒకటి వచ్చింది, అందులో అమాయకుడిగా అందరికీ తెగ నచ్చాడు. సీరియల్ నడిపిస్తున్న గ్రెగ్ డేనియల్స్ అది చూసి మైఖేల్‌ని సరిదిద్దడానికి కూర్చున్నాడు.

ఏం చేశారో చూడు. నున్నగా వెనక్కి దువ్విన జుట్టు మార్చారు, అది పైపై పని. రెండో సీజన్ మొదటి ఎపిసోడ్‌లో మైఖేల్ ఓ రెస్టారెంటులో స్టాఫుకి పిచ్చి అవార్డులు పంచుతుంటాడు. స్టాఫు తల పట్టుకుని కూర్చుంటారు. అంతలో పక్క టేబుల్ దగ్గర బయటివాళ్ళు అతన్ని ఎగతాళి చేస్తారు. మైఖేల్ మొహం వాడిపోయి ఆపేద్దామనుకుంటాడు. అప్పటిదాకా విసుక్కున్న పామ్, ఆఫీసులో సేల్స్ చూసే జిమ్ చప్పట్లు కొట్టి కొనసాగించమంటారు. మా వాణ్ణి మేం తిడతాం, మీరెవరు అన్నట్టు. అదే సీజన్ ఏడో ఎపిసోడ్‌లో పెద్ద క్లయింటుని భోజనానికి తీసుకెళ్ళి పిచ్చి కబుర్లతో సాయంత్రమంతా గడిపి, చివరికి సరుకు అమ్మేస్తాడు. పై అధికారిణి జాన్ నోరెళ్ళబెడుతుంది. మనకీ అప్పుడే తెలుస్తుంది, వీడికి మేనేజరు ఉద్యోగం రాదుగానీ అమ్మడం వచ్చు అని. మూడో సీజన్‌లో పామ్ బొమ్మల ప్రదర్శనకి ఆఫీసువాళ్ళు దాదాపు ఎవరూ రారు. అంతా సర్దుకునే వేళకి మైఖేల్ వచ్చి ఆఫీసు బొమ్మ కొంటానంటాడు. నోరు జారడం మాత్రం ఎక్కడా మానలేదు. సీరియల్ తొమ్మిది సీజన్లు, 2013 దాకా నడిచింది.

కాబట్టి గిరి పిసినారితనం తీసెయ్యకు, నవ్వంతా అందులోనే ఉంది. దెబ్బ ముందు వాడికే తగలాలి. రూపాయి ఎక్కువ గుంజిన కుర్రాడే హాల్‌టికెట్ కౌంటరు మీద మర్చిపోతే, షాపు వదిలి బస్టాపు దాకా పరిగెత్తించు. తిరిగొచ్చేసరికి ఐదువందల పేజీల స్పైరల్ బైండింగ్ పని ఎదురు షాపుకి పోవాలి. ఒక్క విద్యలో మాత్రం వాణ్ణి మించినవాడు ఉండకూడదు. ఏ నోటిఫికేషన్‌కి ఏ సర్టిఫికెట్ జత చెయ్యాలో, గెజిటెడ్ సంతకం ఎక్కడ పడాలో కోచింగ్ సెంటరు వాళ్ళే వాణ్ణి అడగాలి. వాణ్ణి అవమానించేవాడు వాడికన్నా పెద్దవాడు కావాలి, షాపు ఓనరనుకో. బాషాకి మూడు తిట్లు పడితే నాలుగోసారి వాడే గెలవాలి. బాషా వేరేచోట జీతం ఎక్కువిస్తామన్నా ఎందుకు వెళ్ళడో నీకు తెలిసుండాలి, డైలాగులో చెప్పక్కర్లేదు.

ఎదురు తప్పు కూడా చెయ్యకు. తిప్పి పంపారన్న భయంతో చాలామంది హీరోని దేవుణ్ణి చేసేస్తారు. చచ్చిపోయిన తల్లి ఫోటో, వేణువు, చివర్లో నీతి. ఆ రెండు నిమిషాల్లో అంతసేపూ పెరిగిన నవ్వంతా చల్లారిపోతుంది. బ్రిటన్ సిట్‌కామ్ 'ఫాల్టీ టవర్స్'లో హోటలు నడిపే బేసిల్ చివరిదాకా దుర్మార్గుడేగా అంటావు, నాకు తెలుసు. అవి 1975లో ఆరు, 1979లో ఆరు, మొత్తం పన్నెండు ఎపిసోడ్లు. నువ్వు వాళ్ళకి చూపించింది మూడు సీజన్ల ప్లాను. పైగా బేసిల్ తవ్విన గోతిలో ప్రతిసారీ బేసిలే పడతాడు, హోటల్లో పనిచేసే పాలీ పైకి లాగబోతుంది.

ఒక పరీక్ష చెప్తాను. పేర్లు మూసేసి డైలాగులు పైకి చదువు. ఎవరిదేదో తెలియకపోతే మళ్ళీ రాయి. నీ ఆరో సీనులో గిరీ ఓనరూ ఒకే మనిషిలా మాట్లాడుతున్నారు.

రాత్రి రెండింటి దాకా కూర్చుని రాయకురా, హాస్యం నిద్రమొహంతో రాదు. తప్పు కనపడితే మనసులో పెట్టుకుని ముడుచుకుపోవడం మీ తాతగారి పద్ధతి, అది నీకొద్దు. కృష్ణానగర్ నుంచి ఆ మీటింగులకి ఏమెక్కి వెళ్తున్నావు? బండి సర్వీసింగుకి ఇచ్చానంటే ఇచ్చానని చెప్పు, నమ్ముతాను. అమ్మితే ఎంతకిచ్చావో చెప్పు, నాన్నగారికి నేను నిదానంగా చెప్తాను. బస్సయితే బస్సే, తల మీద టోపీ పెట్టుకో. మీ పిన్ని కొడుకు ఆదివారం వస్తున్నాడు, వాడి చేత కందిపొడి, దోసావకాయ పంపుతున్నాను. రూమ్మేట్లకి పెట్టు, సీసా మాత్రం వాళ్ళకి వదిలెయ్యకు.

కొత్త డ్రాఫ్టు వర్డులో పంపకు, నా ఫోన్లో వత్తులన్నీ విడిపోతున్నాయి. పీడీఎఫ్ చేసి పంపు, మొదటి పది పేజీలు చాలు.

ఆశీస్సులతో,
అమ్మ