కెమెరా బాడీలో లేని ఇమేజ్ స్టెబిలైజేషన్‌ను ఉన్నట్టు చూపి అమ్మడంపై ఫిర్యాదు

విజయనగరం

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మీ కెమెరా స్టెబిలైజేషన్ గురించి తప్పుదోవ పట్టించే ప్రకటన, డబ్బు వాపసు కోసం వినతి.

అయ్యా,

నేను విజయనగరంలో పెళ్లిళ్లు, జాతరలు తీసే ఫోటోగ్రాఫర్‌ని. మీ వెబ్‌సైట్‌లో "5 యాక్సిస్ ఇమేజ్ స్టెబిలైజేషన్, 5 స్టాప్‌ల వరకు" అని పెద్ద అక్షరాల్లో వేశారు. అంటే చేయి ఐదు రకాలుగా కదిలినా బొమ్మ చెదరకుండా ఆపే ఏర్పాటు అన్నమాట. అది చూసి మీ కెమెరాను వాయిదాల మీద కొన్నాను. తీరా చూస్తే ఫోటో తీసేటప్పుడు ఆ బాడీలో, అంటే లెన్స్ కాక మిగిలిన కెమెరాలో, స్టెబిలైజేషన్ అనేదే లేదు. మీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, "సర్, బాడీలో ఉన్నది ఎలక్ట్రానిక్ స్టెబిలైజేషన్, అది వీడియోకే. 5 స్టాప్‌లు కావాలంటే స్టెబిలైజేషన్ ఉన్న లెన్స్ తగిలించాలి" అన్నారు. ఆ లెన్స్ విడిగా కొనాలి. అమ్మకం పేజీలో ఈ సంగతి ఎక్కడా లేదు. కెమెరా చేతికొచ్చాక మాన్యువల్‌లో మూవీ మోడ్ కింద చిన్న అక్షరాల్లో కనిపించింది.

"స్టెబిలైజేషన్ ఉంది కదా సర్" అని మీవాళ్లు పదేపదే అన్నారు. ఉన్నది ఏ రకమన్నదే నా ప్రశ్న. చేయి వణుకును కెమెరాలోనో లెన్స్‌లోనో ఉండే గైరో సెన్సర్ పసిగట్టాక, దాన్ని సరిచేసే దారులు మూడు. లెన్స్ లోపల ఒక గాజు భాగం వణుకుకు ఎదురు దిశలో జరగవచ్చు. బాడీలో బొమ్మ పడే సెన్సరే జరగవచ్చు. ఈ రెండింటిలోనూ షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ బొమ్మ సెన్సర్ మీద ఒకేచోట నిలబడుతుంది, అందుకే ఫోటో చెదరదు. మూడోది ఎలక్ట్రానిక్. ఇందులో ఏదీ జరగదు. ఫ్రేమ్ అంచులు కోసేసి, మిగిలిన భాగాన్ని అటూ ఇటూ జరిపి వీడియో నిలకడగా ఉన్నట్టు చూపిస్తారు. ఒక్కో ఫ్రేమ్‌లో అప్పటికే పడిపోయిన చెదురు మాత్రం అలాగే ఉంటుంది.

ఇది మా పనిలో ఎంత తేడా తెస్తుందో చెబుతాను. అర్ధరాత్రి దాటాక ముహూర్తం, మండపంలో దీపాల వెలుగు. వీడియోలో మీ స్టెబిలైజేషన్ ఆన్ చేస్తే ఫ్రేమ్ ఇరుకైపోయి పక్కన నిలబడ్డ మేనమామలు బయటకు పోతున్నారు. వెనక్కి జరుగుదామంటే వెనక గోడ. పోనీ ఉన్నంత మేరకైనా బాగుందా అంటే, ఫ్రేమ్ కదలకుండా నిలబడి ఉంటుంది, అందులోని సీరియల్ బల్బులు మాత్రం చుక్కలుగా ఉండాల్సినవి గీతలుగా సాగి, మళ్లీ చుక్కలై, మళ్లీ సాగుతుంటాయి. పెళ్లివాళ్లు అది చూసి "ఏంటండీ, బొమ్మ ఇలా కొట్టుకుంటోంది?" అని నన్నే అడుగుతున్నారు.

మా ఊరి పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజు ఇంకా బాధపడ్డాను. మూడు లాంతర్ల కూడలి దగ్గర ఒక డాబా మీద నుంచి, దూరాన్ని దగ్గరగా చూపే 200 ఎంఎం లెన్స్‌తో, సాయంత్రం వెలుగు తగ్గుతుండగా తీశాను. ఊరేగించే పొడవాటి మాను, అదే సిరిమాను, ఊగుతుంది, దాని చివర కూర్చున్న పూజారి గారూ కదులుతారు. ఆ కదలికను ఏ స్టెబిలైజేషనూ ఆపలేదని నాకు తెలుసు, దాని గురించి నేను అడగడం లేదు. కానీ కదలని గుడి గోపురం, కరెంటు స్తంభం కూడా రెండేసి అంచులతో వచ్చాయి. అది పూర్తిగా చేతి వణుకు, మీరు ఆపుతామని రాసిన వణుకు. ఏడాదికోసారి, దసరా తర్వాత వచ్చే మంగళవారం జరిగే పండగ అది.

స్టాప్ అంటే లెక్క ఉన్న మాట. ఒక్కో స్టాప్‌కి షట్టర్ తెరిచి ఉంచగలిగే సమయం రెట్టింపవుతుంది, 5 స్టాప్‌లంటే 32 రెట్లు. 200 ఎంఎం లెన్స్‌తో చేత్తో తీయాలంటే మామూలుగా సెకనులో 200వ వంతు షట్టర్ వేగం కావాలి. 5 స్టాప్‌లు నిజంగా ఉంటే దాదాపు 6వ వంతు దాకా చేత్తో పట్టుకుని తీయవచ్చు. దీన్ని కొలవడానికి జపాన్ కెమెరా తయారీదారుల సంఘం సీపా ఒక ప్రమాణం పెట్టింది. వణికే యంత్రం మీద కెమెరా బిగించి, ఫోటోలు తీసి తేలుస్తారు. ఫోటోకు చెందిన ఈ అంకెను, వీడియోకే పనిచేసే సాఫ్ట్‌వేర్ పక్కన మీరెలా వేశారు?

5 యాక్సిస్ మాటా అంతే. 2012లో ఒలింపస్ ఓఎం-డీ ఈ-ఎం5 వచ్చినప్పటి నుంచి, ఆ మాట వింటే మా ఫోటోగ్రాఫర్లకు గుర్తొచ్చేది బాడీలో జరిగే సెన్సరే. కెమెరా లెన్స్ చుట్టూ చక్రంలా ఒరిగే కదలికను లెన్స్‌లోని గాజు సరిచేయలేదు, సెన్సర్ తిరగాల్సిందే. నా దగ్గరున్న పాత 50 ఎంఎం, 85 ఎంఎం లెన్స్‌లలో స్టెబిలైజేషన్ లేదు. బాడీలో ఉంటే అన్నిటికీ పనికొస్తుందనే ఆ బాడీ ఎంచుకున్నాను. లేదని ముందే రాసి ఉంటే కొనేవాడినే కాదు.

కాబట్టి కెమెరా వెనక్కి తీసుకుని, కట్టిన వాయిదాలతో సహా మొత్తం డబ్బు ఇప్పించండి. లేదా సెన్సర్ జరిగే స్టెబిలైజేషన్ ఉన్న బాడీని అదనపు ధర లేకుండా మార్చి ఇవ్వండి. నా సంగతి ఎలా తేలినా, అమ్మకం పేజీలో మోడల్ పేరు పక్కనే "బాడీలో ఎలక్ట్రానిక్ మాత్రమే, వీడియోకే, ఫ్రేమ్ కోసుకుపోతుంది" అని తెలుగులో, అదే సైజు అక్షరాల్లో వేయండి. శ్రీకాకుళం, పార్వతీపురం వైపు కుర్రాళ్లు అప్పు చేసి మొదటి కెమెరా కొంటున్నారు, వాళ్లు చదివేది ఆ పేజీ ఒక్కటే.

15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనగా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. బిల్లు నకలు, మీ పేజీ స్క్రీన్‌షాట్లు, సిరిమానోత్సవంలో చెదిరిన ఫోటోలు, పెళ్లి వీడియో ముక్క ఈ లేఖతో జతచేశాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
విజయనగరం